ఆ రెండు మిల్లీమీటర్ల కోసం నాలుగు పళ్లు అరగదీయించుకోకండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 25 ఏళ్లు. భీమవరం దగ్గర ఒక ఊళ్లో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. చిన్నప్పటి నుంచీ నా పై వరుసలో ముందు రెండు పళ్ల మధ్య సందు ఉంది. మా నాన్నకీ అలాగే ఉంటుంది. అమ్మ అదృష్టం అంటుంది, మేనత్త డబ్బు నిలవదు అంటుంది. నేను మాత్రం ఇంటర్ నుంచి ఫొటోల్లో పెదాలు మూసుకునే నవ్వుతున్నాను. మాఘమాసంలో పెళ్లి. ఇంకా నాలుగు నెలలుంది. అబ్బాయి వైపు వాళ్లు ఏమీ అనలేదు, బాధంతా నాదే. ఒక డాక్టర్ గారు సందు కొలిచి 2 మిల్లీమీటర్లు అన్నారు. నాలుగు పళ్లకు రూట్ కెనాల్ చేసి జిర్కోనియా క్యాపులు వేస్తే పది రోజుల్లో అయిపోతుందట, 48 వేలట. ఇంకొకరు క్లిప్పులే పెట్టాలి, ఏడాది పడుతుంది అన్నారు. మా స్కూల్లో ఒక టీచరేమో ఫిల్లింగ్ లాంటిది పెట్టి గంటలో మూసేస్తారని చెప్పింది. ఆన్‌లైన్‌లో పళ్లకు వేసుకునే రబ్బరు బ్యాండ్లు 200 రూపాయలకే కనిపించాయి. వీటిలో ఏది మంచిది? ఇంకో సంగతి, ఈ రెండేళ్లలో మా అమ్మకు కూడా ముందు పళ్ల మధ్య సందు వస్తోంది. ఆమెకు 49, షుగర్ ఉంది. ఇది మా వంశంలోనే ఉందంటారా?
– పేరు వద్దు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: అమ్మా, మీరు నాలుగు దారులు రాశారు. వాటిలో రెండు మీరు అసలు తొక్కకూడనివి. ముందు వాటి సంగతి తేల్చేసి, తర్వాత మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం.

రబ్బరు బ్యాండ్లు ఇప్పటికే ఆర్డరు పెట్టి ఉంటే, రాగానే చెత్తబుట్టలో వేసేయండి. ముందు పంటి వేరు ముల్లంగి దుంపలా ఉంటుంది. చిగురు దగ్గర లావు, లోపలికి పోయేకొద్దీ సన్నం. రెండు పళ్లకూ కలిపి రబ్బరు చుడితే అది పెట్టినచోట ఉండదు, సన్నగా ఉన్న వైపుకే జారుతుంది. అంటే చిగురు లోపలికి. మొదటి వారం పళ్లు దగ్గరవుతున్నట్టే ఉంటుంది, సంతోషపడతారు. ఒకరోజు పొద్దున లేచి చూస్తే రబ్బరు ఉండదు. రాత్రి నిద్రలో ఊడిపోయి ఉంటుందిలే అనుకుంటారు. అది ఎక్కడికీ పోలేదు, వేరు చుట్టూ బిగుసుకుని చుట్టూ ఉన్న ఎముకను తినేస్తూ పైకి పోతోంది. ఎక్స్‌రే తీసినా రబ్బరు కనబడదు, ఎముక కరిగిపోవడమే కనబడుతుంది. నిక్షేపంలాంటి రెండు ముందు పళ్లను ఇలా పోగొట్టుకున్నవాళ్ల కేసులు దంత వైద్య పత్రికల్లో దశాబ్దాలుగా వస్తూనే ఉన్నాయి. 200 రూపాయల వస్తువు ఇంత పని చేస్తుందని కొనేటప్పుడు ఎవరికీ తట్టదు. అందుకే దీన్ని అన్నిటికన్నా ముందు రాశాను.

ఇక రూట్ కెనాల్ చేసి క్యాపులు వేయడం. మీరు రాసినదాన్ని బట్టి ఆ నాలుగు పళ్లలో పుచ్చు లేదు, నొప్పి లేదు, దెబ్బ తగిలి విరిగిందీ లేదు. రూట్ కెనాల్ అనేది పంటి లోపలి నరం చెడిపోయినప్పుడో, వేరు చివర చీము పట్టినప్పుడో పన్నును నిలబెట్టడానికి చేసే వైద్యం. బతికున్న పంటి నరాన్ని తీసేయడానికి 2 మిల్లీమీటర్ల సందు కారణం కాదు, కాకూడదు. పైగా క్యాప్ కూర్చోవాలంటే పన్నును నాలుగు వైపులా అరగదీయాలి. ఎంత అరుగుతుందో తూకం వేసి చూసిన పరిశోధన ఒకటి 2002లో వచ్చింది. పూర్తి క్యాప్ కోసం చెక్కినప్పుడు చిగురు పైన కనిపించే పంటి భాగంలో నూటికి 63 నుంచి 72 పాళ్లు పోతుందని అందులో తేలింది. మిగిలేది ఒక చిన్న మొద్దు. దాని మీద టోపీ పెడతారు.

నా చేత్తో నేనే చేసిన పని ఒకటి చెబుతాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో మీలాగే ఒక పెళ్లికూతురు వచ్చింది. ఆమెది మీకన్నా చిన్న సందు. పెళ్లి మూడు వారాల్లో ఉంది. వాళ్ల నాన్నగారు తొందరపెట్టారు, నేను సరేనన్నాను. ముందు నాలుగు పళ్లకూ నరాలు తీసి, అరగదీసి, క్యాపులు వేశాను. పెళ్లి ఫొటోలు తెచ్చి చూపించి ఎంత మురిసిపోయిందో. తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ వచ్చింది, చేతిలో చిన్న కాగితం పొట్లం. విప్పితే అందులో క్యాప్, దాని లోపల చిగురు అంచు దాకా విరిగిపోయిన పంటి మొద్దు. జామకాయ కొరికిందట. పక్క పంటి క్యాప్ అంచున చిగురు నీలంగా కమిలి ఉంది. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "ఇప్పుడేం చేద్దాం డాక్టర్ గారూ" అని మాత్రం అడిగింది. విరిగిన పన్ను తీసేసి ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పన్ను పెట్టాల్సి వచ్చింది. అప్పటికి ఆమెకు 33 ఏళ్లు. ఆ రోజు నుంచి ఆరోగ్యంగా ఉన్న ముందు పంటిని అందం కోసం క్యాపుకు చెక్కడం మానేశాను. క్యాప్ కూడా శాశ్వతం కాదమ్మా. పదీ పదిహేనేళ్లకు మార్చాల్సి వస్తుంటుంది, మార్చిన ప్రతిసారీ కింద ఉన్న పన్ను ఇంకాస్త తగ్గుతుంది. మీకు 25. ఇప్పుడు మొదలుపెడితే అరవై దాటేలోపు ఎన్నిసార్లు మార్చాలో, ఎన్ని 48 వేలవుతాయో మీరే లెక్క వేసుకోండి.

ఈ రెండూ పక్కన పెడితే మిగిలినవి మీ స్కూలు టీచరు చెప్పినదీ, రెండో డాక్టరు గారు చెప్పినదీ. ఇద్దరూ తప్పు చెప్పలేదు. సందు అంటే 2 మిల్లీమీటర్ల ఖాళీ, అంతే కదా. దాన్ని పళ్లు జరిపి నింపొచ్చు, లేదా పళ్లను వెడల్పు చేసి నింపొచ్చు. ఏది మీకు నప్పుతుందో తేలాలంటే, సందు ఎందుకొచ్చిందో ముందు తెలియాలి. ఈ ప్రశ్న వేయకుండా వైద్యం మొదలుపెట్టే చోట నుంచి లేచి వచ్చేయండి.

అద్దం ముందు నిలబడి మీరే కొంత చూసుకోవచ్చు. రెండు వేళ్లతో పై పెదవిని పట్టుకుని పైకి ఎత్తండి. పెదవి లోపలి నుంచి చిగురుకు నడిమధ్యన ఒక సన్నటి పొర దిగుతూ కనిపిస్తుంది. ఫ్రీనమ్ అంటారు, అందరికీ ఉంటుంది. పెదవిని కాస్త గట్టిగా లాగినప్పుడు ఆ రెండు పళ్ల మధ్య ఉన్న చిగురు ముక్క తెల్లగా పాలిపోతే, ఆ పొర కిందికంటా దిగి పళ్ల మధ్య అడ్డుగోడలా ఉందన్నమాట. తండ్రికీ బిడ్డకూ ఒకేలా సందు ఉన్న ఇళ్లలో నేను దీన్ని తరచుగా చూస్తాను. తర్వాత గుక్కెడు నీళ్లు తీసుకుని, పెదాలు కొంచెం తెరిచి మింగండి. నాలుక కొస పళ్ల సందులోంచి ముందుకు పొడుచుకు వస్తోందా? కొందరికి మింగినప్పుడల్లా నాలుకతో పళ్లను తోసే అలవాటు ఉంటుంది, తెలియకుండానే. అది మానకుండా ఎన్ని క్లిప్పులు పెట్టినా సందు మళ్లీ తెరుచుకుంటుంది. ఆ తర్వాత దవడ పళ్లు కలిపి కరవండి. కింది ముందు పళ్లు వెళ్లి పై పళ్ల వెనక భాగాన్ని గట్టిగా తాకుతున్నాయా, లేక మధ్యలో కాస్త ఖాళీ ఉందా? తాకుతుంటే రోజంతా కింది పళ్లు పై పళ్లను బయటికి నెడుతూనే ఉంటాయి. అలాంటి నోట్లో ఫిల్లింగ్ పెట్టి సందు మూస్తే పెచ్చులూడుతుంది.

చివరిగా మీ పదో తరగతి ఫొటో ఒకటి వెతికి, ఇప్పటి సెల్ఫీ పక్కన పెట్టి చూడండి. సందు అంతే ఉందా, పెరిగిందా? అంతే ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. పదేళ్లుగా కదలని పళ్లవి. పెరిగి ఉంటే మాత్రం ముందు చిగుళ్లు చూపించుకోవాలి.

ఇంట్లో చూసుకోలేనిది ఒకటుంది. ఒక్కోసారి ఆ రెండు పళ్ల మధ్య ఎముకలో అదనపు పన్ను ఒకటి మొలవకుండా దాక్కుని ఉంటుంది. చిన్న ఎక్స్‌రేలో తెలిసిపోతుంది. ఆ ఎక్స్‌రే తీయించుకోకుండా ఏ పనీ మొదలుపెట్టనివ్వకండి.

ఇక మీ టీచరు గారు చెప్పిన "ఫిల్లింగ్ లాంటిది". మా భాషలో కాంపోజిట్ బాండింగ్, పేషెంట్ల మాటలో పంటి రంగు సిమెంటు. కారణాలు చూసుకున్నాక, కరిచే తీరులో ఇబ్బంది లేకపోతే, పెళ్లికి ముందు మీకు నేను చెప్పేది ఇదే. దీనికి మంచి పంటిని చెక్కాల్సిన పని దాదాపు ఉండదు. ఈ వెసులుబాటు మనకు 1955 నుంచి వచ్చింది. ఇనుప సామాను మీద పెయింటు గట్టిగా పట్టడానికి ముందు ఫాస్ఫారిక్ యాసిడ్ పూస్తారు కదా, ఆ పద్ధతి చూసి బ్యూనోకోర్ అనే అమెరికన్ దంత వైద్యుడు పంటి పైనుండే గట్టి పొర, అంటే ఎనామిల్ మీదా అదే చేసి చూశాడు. యాసిడ్‌తో కంటికి కనబడనంత సన్నటి గరుకు ఏర్పడుతుంది, రెజిన్ అనే జిగురు పదార్థం ఆ గరుకులోకి ఇంకి పట్టుకుంటుంది. అంతకుముందు ముందు పంటికి ఏది అతికించాలన్నా గుంట తవ్వాల్సిందే.

కుర్చీలో ఏం జరుగుతుందో చెబుతాను, అప్పుడు మీ డాక్టరు పని చేసే తీరు మీకే అర్థమవుతుంది. మొదట రంగు చూస్తారు. ఇది నోరు తడిగా ఉన్నప్పుడే చూడాలి. పన్ను ఆరితే అసలు రంగుకన్నా తెల్లగా కనిపిస్తుంది, అప్పుడు ఎంచుకున్న సిమెంటు రేపు నోరు తడిశాక కొట్టొచ్చినట్టు వేరుగా ఉంటుంది. తర్వాత పక్క పళ్లకు అంటకుండా సన్నటి తెల్ల టేపు చుడతారు. కుళాయి మరలకు చుట్టే టెఫ్లాన్ టేపు లాంటిదే. నీలం రంగు జెల్, అంటే 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్, పదిహేను నుంచి ముప్పై సెకన్లు ఉంచి కడిగేస్తారు. గాలి ఊది ఆరబెడితే పన్ను మీద అద్దానికి మంచు పట్టినట్టు తెల్లగా అవుతుంది. ఆ మీదట బాండింగ్ ద్రవం పూసి, సిమెంటును పొరలు పొరలుగా పెడుతూ, ఒక్కో పొర మీద నీలి లైటు పట్టి గట్టిపరుస్తారు. మత్తు సూది మామూలుగా అక్కర్లేదు. గంట, గంటన్నర పడుతుంది. అందులో పావు వంతు సమయం పాలిష్‌కే పోవాలి, ఆ పని హడావిడిగా చేస్తే ఆరు నెలల్లో టీ మరకలు పడతాయి.

ఇక్కడ ఒక చిక్కుంది, శ్రద్ధగా చదవండి. మామూలుగా ముందు పన్ను వెడల్పు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, పొడవు పదిన్నర ఉంటుంది. పొడవు నూరు పాళ్లనుకుంటే వెడల్పు 75 నుంచి 80 పాళ్ల దాకా కంటికి ఇంపుగా ఉంటుంది. మీ సందును రెండు పళ్లకూ చెరో మిల్లీమీటరు పంచితే ఒక్కో పన్ను తొమ్మిదిన్నర అవుతుంది, అంటే 90 పాళ్లు. సందు పోతుంది కానీ నవ్వితే రెండు పలకలు పక్కపక్కన పెట్టినట్టు ఉంటుంది. చేయి తిరిగిన డాక్టరు దీన్ని దాటేస్తారు. పంటి ముఖం మీద రెండు అంచుల్లో వెలుగు పడి మెరిసే గీతలుంటాయి. ఆ గీతలను కాస్త లోపలికి తెస్తే, వెడల్పు పెరిగినా కన్ను దాన్ని సన్నటి పన్నుగానే చదువుతుంది. లేదా పక్కనున్న చిన్న పళ్లకూ కొంచెం పంచి, నాలుగింటి మధ్యా సర్దుతారు. ఇదంతా చేతి నైపుణ్యం. అందుకే డాక్టరును ఎంచుకునేటప్పుడు, సందు మూసిన పాత కేసుల ఫొటోలు ఉన్నాయా అని మొహమాటపడకుండా అడగండి.

ఇంకో మాట అడగండి: "డాక్టర్ గారూ, ముందు ఊరికే పెట్టి చూపిస్తారా?" యాసిడ్ వాడకుండా, అంటించకుండా, ఉత్తి సిమెంటునే సందులో పెట్టి లైటు పట్టి చూపించొచ్చు. పది నిమిషాల పని. మీరు అద్దంలో చూసుకుని, ఫోన్లో ఫొటో తీసుకుని, పెద్దగా నవ్వి, అమ్మకు పంపి, "సరస్సు" అనీ "ఫలం" అనీ పలికి చూసుకున్నాక గోటితో మీటితే ఊడొచ్చేస్తుంది. చూసుకున్నాక "నాకు నా సందే బాగుంది" అని లేచి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు నా దగ్గర. ఆ మాట మీ నోట వచ్చినా నాకు సంతోషమే.

చిగురు దగ్గర కూడా గమనించండి. సందు మూసినా రెండు పళ్ల మధ్య పైన నల్లటి చిన్న త్రికోణం మిగిలిపోవడం చాలామందిలో చూస్తుంటాను. రెండు పళ్లు తాకే చోటుకూ లోపలి ఎముక అంచుకూ మధ్య దూరం 5 మిల్లీమీటర్లో, అంతకన్నా తక్కువో ఉంటే చిగురు పెరిగి ఆ ఖాళీని నింపుతుంది. 6 అయితే దాదాపు సగం మందికి నిండదు, 7 అయితే మరీ తక్కువమందికే నిండుతుంది. టార్నో అనే ఆయన 1992లో కొలిచి చెప్పిన లెక్క ఇది, ఇప్పటికీ అందరం దాన్నే నమ్ముకుంటాం. కాబట్టి సిమెంటును చిగురు అంచు కింద నుంచే మెల్లగా వంపు తిప్పుకుంటూ తేవాలి. పని అయ్యాక పళ్ల సందులు శుభ్రం చేసే దారం (ఫ్లాస్) దూర్చి చూడమనండి. దారం చిట్లకుండా, ఎక్కడా తట్టుకోకుండా జారి రావాలి. తట్టుకుంటే అక్కడ పాచి చేరుతుంది, చిగురు వాస్తుంది.

మీది పశ్చిమ గోదావరి కాబట్టి ఎనామిల్ బాగానే ఉంటుందనుకుంటున్నాను. నల్గొండ వైపో, కనిగిరి వైపో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లకైతే పంటి మీద పసుపు, గోధుమ మచ్చలుంటాయి, సిమెంటు అంత తేలిగ్గా పట్టదు, యాసిడ్ ఎక్కువసేపు ఉంచాల్సి వస్తుంది. ఆ ప్రాంతాల పాఠకులు ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

బాండింగ్ ఎన్నాళ్లుంటుంది? బాగా చేస్తే, బాగా చూసుకుంటే ఐదు నుంచి ఏడేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ. అంచు చిట్లితే ఆ ముక్క వరకే మళ్లీ పెట్టుకోవచ్చు. రేపు మనసు మారి క్లిప్పులు పెట్టించుకోవాలనుకుంటే సిమెంటు తీసేయొచ్చు, కింద మీ పన్ను మీ పన్నులాగే ఉంటుంది. నాకు ఇది నచ్చడానికి అసలు కారణం ఇదే. చెరకు, జామకాయ, ఎండు కొబ్బరి, గట్టి జంతికలు ముందు పళ్లతో కొరకడం మానాలి, ముక్కలు చేసుకుని దవడ పళ్లతో నమలాలి. పిన్నీసులు పళ్లతో తెరిచే, దారాలు తెంపే అలవాటు ఉంటే ఈ రోజే వదిలేయండి. మొదటి రెండు రోజులు పసుపు ఎక్కువ వేసిన కూరలు, టీ, కాఫీ తగ్గించండి.

పళ్లు తెల్లబరిపించుకోవాలని ఉంటే అది బాండింగ్‌కి ముందే కావాలి, సిమెంటు తర్వాత తెల్లబడదు. తెల్లబరిచాక రెండు వారాలు ఆగాలి, లేకపోతే సిమెంటు సరిగ్గా పట్టదు. కాబట్టి మీ నాలుగు నెలల్లో ఈ నెలలో క్లీనింగ్, ఎక్స్‌రే. కావాలంటే వచ్చే నెల తెల్లబరచడం. ముహూర్తానికి కనీసం నెల ముందే బాండింగ్. ఆ నెలలో మీ నాలుక కొత్త పళ్లకు అలవాటు పడుతుంది, ఏదైనా సరిచేయాలంటే వెళ్లి చేయించుకునే వ్యవధి ఉంటుంది.

క్లిప్పుల గురించి రెండో డాక్టరు గారు చెప్పింది నిజం. మీ పళ్లు ముందుకు ఎత్తుగా ఉన్నా, కింది పళ్లు పైవాటిని తోస్తున్నా, వేరే చోట్ల కూడా సందులున్నా, సరైన వైద్యం క్లిప్పులే. పన్ను మీ పన్నే, వెడల్పు అదే, చోటు ఒక్కటే మారుతుంది. అలైనర్లతో, అంటే పళ్లకు తొడుక్కునే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులతో కూడా ఇంత సందు మూయొచ్చు, తీసి పెట్టుకునేవి కాబట్టి రోజుకు 22 గంటలు పెట్టుకునే క్రమశిక్షణ ఉండాలి. క్లిప్పుల విషయంలో జనం మరిచిపోయేది ఒకటుంది. ముందు పళ్ల సందు మూశాక మళ్లీ తెరుచుకునే గుణం దానికి చాలా ఎక్కువ. క్లిప్పులు తీసిన రోజే పళ్ల వెనక వైపు సన్నటి తీగ అతికించాలి, దాన్ని ఏళ్ల తరబడి ఉంచుకోవాలి. తీగ గురించి మాటెత్తని చోట క్లిప్పులు పెట్టించుకోకండి. పొర అడ్డుగా ఉన్నవాళ్లకు దాన్ని కోయించడం కూడా సందు మూశాకనో, మూసుకోబోతుండగానో చేయాలి. ముందే కోస్తే అక్కడ ఏర్పడే మచ్చ గట్టిపడి పళ్లను దగ్గరకు రానివ్వదు. ఖర్చు భారమనుకుంటే విజయవాడ, హైదరాబాద్ ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో క్లిప్పుల విభాగం ఉంది. బయటికన్నా చాలా తక్కువలో అవుతుంది, ఓపిగ్గా తిరగాలి.

పెళ్లిలో క్లిప్పులతో కూర్చోవడం ఇష్టం లేకపోతే, ఇప్పుడు బాండింగ్ చేయించుకుని పెళ్లయ్యాక తీరిగ్గా క్లిప్పుల సంగతి చూసుకోవడంలో తప్పేమీ లేదు. నా చెల్లెలైనా నేను ఇదే చెబుతాను.

వెనీర్ల గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు. పింగాణీ రేకులు అవి, పంటి ముందు వైపు అతికిస్తారు. అందంగా ఉంటాయి, మరక పట్టదు, పదీ పదిహేనేళ్లు ఉంటాయి. కానీ చాలా వరకు ఎనామిల్ కొంచెం గీకాలి, గీకింది తిరిగి రాదు, ఖర్చు బాండింగ్‌కి ఎన్నో రెట్లు. పంటి రంగు, ఆకారం కూడా బాగాలేనివాళ్లకు మంచి వైద్యం. మీ పళ్ల రంగు, ఆకారం గురించి మీకే ఫిర్యాదు లేదు కదా, మీకెందుకు?

ఇదే సమయంలో, ఈ ఉత్తరం చదివి ఏడెనిమిదేళ్ల పిల్లల్ని తీసుకుని డాక్టరు దగ్గరకు పరిగెత్తబోయే తల్లులకు ఒక మాట. ఆ వయసులో ముందు పళ్ల మధ్య చిన్న సందు ఉండటం మామూలే. పదకొండు, పన్నెండేళ్లకు కోరపళ్లు దిగుతూ నెట్టితే చాలా వరకు వాటంతట అవే దగ్గరవుతాయి. అప్పటిదాకా ఆగండి.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. చివర్లో రెండు ముక్కల్లో రాసేశారు గానీ, మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది అదే. మీ సందు మీతో పుట్టింది. ఆవిడది రెండేళ్లలో వచ్చింది. 47 ఏళ్ల వయసు దాకా కదలకుండా ఉన్న పళ్లు ఇప్పుడు కదిలాయంటే వాటిని పట్టుకున్న ఎముక కరుగుతోందని అనుకోవాలి. వంశానికీ దీనికీ సంబంధం వెతకకండి. చిగుళ్ల జబ్బులో చాలా వరకు నొప్పి ఉండదు, అదే దాని మోసం. బ్రష్ చేసేటప్పుడు నెత్తురు వస్తోందా, ముందు పళ్లు మునుపటికన్నా పొడవుగా కనిపిస్తున్నాయా, ఉదయం లేవగానే నోరు వాసన వస్తోందా, నాలుకతో తోస్తే పన్ను కదిలినట్టుందా, ఇవి ఆవిడను కూర్చోబెట్టి అడగండి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్లలో వాపు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. చిగుళ్లకు సరైన వైద్యం జరిగాక మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్షలో (HbA1c) 0.3, 0.4 పాయింట్ల వరకు తగ్గడం పరిశోధనల్లో కనబడింది.

ఆవిడకు కావాల్సింది లోతుగా చేసే క్లీనింగ్, చిగుళ్ల నిపుణులతో. చిగురు లోపల పంటి వేర్ల మీద పట్టిన గార కూడా తీయాలి, ఒక్క సిట్టింగ్‌లో కాదు. ఆరోగ్యం కుదుటపడ్డాక, కావాలంటే పళ్లను మెల్లగా వెనక్కి జరపొచ్చు. అప్పటిదాకా ఎవరు చెప్పినా ఆవిడ సందులో సిమెంటు పెట్టనివ్వకండి. కదులుతున్న పళ్ల మధ్య అది నిలవదు, లోపల జబ్బును కప్పేస్తుంది.

మీరు క్లీనింగ్‌కి వెళ్లే రోజే ఆవిడనూ వెంటబెట్టుకుని వెళ్లండి. షుగర్ రిపోర్టూ, వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్లండి. పొద్దున్నే టిఫిన్ తినిపించి, మాత్ర వేయించాకే బయల్దేరండి.